కాటా ఎక్కే పిల్లల మనసు కూడా చూడండి

సంపాదకులు గారికి,

మా అమ్మాయికి పదహారేళ్లు, బాక్సింగ్ ఆడుతుంది. మొన్న ఎండాకాలం పోటీకి 48 కిలోల విభాగంలో పేరిచ్చారు, అంటే కాటా మీద అంతకు మించి తూగకూడదు. అందులో అయితే మెడల్ ఖాయమన్నారు. వారం ముందు చూస్తే రెండున్నర కిలోలు ఎక్కువుంది.

బెజవాడ ఎండలో రెండు స్వెట్టర్లు వేసుకుని మేడ మీద స్కిప్పింగ్ చేసేది. ఆఖరి రోజు మంచినీళ్లు కూడా మానేసింది. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేసి, సింకులో ఆ నీళ్లు పోతుంటే అలాగే చూస్తూ నిలబడింది. తమ్ముడు పక్కన కూర్చుని మజ్జిగ తాగుతుంటే గ్లాసు లాక్కుని విసిరికొట్టింది. ఎన్నడూ గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల! రాత్రి మూడుసార్లు లేచి లైటేసి కాటా ఎక్కింది. పొద్దున బరువు సరిపోయింది. బయటికి రాగానే నాలుగు ఇడ్లీలు తినేసి, తిన్నందుకు ఏడ్చింది.

ఇది మా పిల్ల మొండితనం కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకూ చిరాకు, దిగులు, పొద్దస్తమానం తిండి ధ్యాసే. మన పిల్లలకైతే నీళ్లు కూడా ఉండవు. ఆడపిల్లలకు నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి బరువు పెరగొచ్చు. అదీ తమ తప్పే అనుకుంటారు. తిండి తగ్గి నెలసరి తప్పినా మగ కోచ్‌కి ఎలా చెబుతారు? కుస్తీ ఆడే మా అక్క కొడుకుది ఇంకో బాధ. ‘మగాడివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా’ అంటారని ఎవరికీ ఏమీ చెప్పడు, తలుపేసుకుని కూర్చుంటాడు.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో మన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ బరువు తగ్గడానికి రాత్రంతా చెమటోడ్చి, జుట్టు కూడా కత్తిరించుకుంది. అయినా ఫైనల్ రోజు 100 గ్రాములు ఎక్కువ తూగిందని పోటీ నుంచే తీసేశారు. మర్నాడే ఆట వదిలేస్తున్నానంది. మా అమ్మాయి ఆ వార్త చూసి నేర్చుకున్నది ఒక్కటే, ఇంకా ముందు నుంచే మాడాలని.

అమెరికా కాలేజీ కుస్తీలో 1997లో బరువు తగ్గించుకుంటూ కొద్ది వారాల్లోనే ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ చెమట పట్టించే రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. సీజన్ మొదట్లోనే మూత్ర పరీక్ష చేసి, ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయని తేలాకే ఎంతవరకు బరువు దిగొచ్చో నిర్ణయిస్తారు. వారానికి 1.5 శాతం మించి తగ్గకూడదు. అంటే యాభై కిలోల పిల్ల 750 గ్రాములు. మా అమ్మాయి వారంలో దిగింది రెండున్నర కిలోలు.

మా ఊరి ఇందిరాగాంధీ స్టేడియంలో గానీ, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో గానీ పోటీలు పెట్టేవాళ్లు ఇలాంటి నియమం తేవాలి. బరువు చూసే చోట పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్ కూడా ఒకరుండాలి, ఆడపిల్లలకు ఆడమనిషి అయితే మరీ మంచిది.

వచ్చేసారి 50 కిలోల్లో ఆడమన్నాం, సరేనంది. కాటాను బీరువా మీద దాచాను. రాత్రిపూట కుర్చీ వేసుకుని మరీ దించుతోంది.

ఇట్లు,
ఒక తల్లి,
సత్యనారాయణపురం, విజయవాడ