డిక్ టైగర్‌ది ఒట్టి కండబలం కాదు

సంపాదకులకు,

బాక్సర్ డిక్ టైగర్ ప్రస్తావన వస్తే ఆయన కండబలం గురించే రాస్తారు. అది సగం మాటే. నైజీరియాలోని అమైగ్బోలో పుట్టిన టైగర్ (అసలు పేరు రిచర్డ్ ఇహేటు) 1955లో లివర్‌పూల్ చేరి, అక్కడ మొదటి నాలుగు పోటీలూ ఓడిపోయారు. తర్వాత న్యూయార్క్‌కు మారి, 1962లో జీన్ ఫుల్మర్‌పై మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచారు.

ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలే. పొడుగుచేతుల ప్రత్యర్థికి దూరం ఇస్తే వరసగా జాబ్‌లు (చేయి చాచి కొట్టే సూటి గుద్దులు) తినాల్సిందే. అందుకే గార్డ్ (ముఖానికి అడ్డంగా పెట్టే చేతులు) బిగించి, అడుగడుగూ ముందుకు జరుగుతూ లోపలికి చొరబడి ఎడమ హుక్ (మోచేయి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు) విసిరేవారు. మిడిల్‌వెయిట్ కంటే బరువైన తరగతి లైట్ హెవీవెయిట్; దాని పరిమితి 175 పౌండ్లు. 1966లో ఆయన దాదాపు 167 పౌండ్లతోనే హోసే టోరెస్‌ను 15 రౌండ్లలో పాయింట్ల మీద ఓడించారు. ఆ పద్ధతికీ హద్దుంది. 1968లో ఆరడుగుల మూడంగుళాల బాబ్ ఫోస్టర్ దగ్గర ఆ దూరం దాటలేక నాలుగో రౌండ్‌లో నాకౌట్ అయ్యారు. కెరీర్ మొత్తంలో అదొక్కటే నాకౌట్ ఓటమి.

నైజీరియా నుంచి విడిపోవడానికి బయాఫ్రా ప్రాంతం చేసిన యుద్ధంలో బ్రిటన్ వైఖరికి నిరసనగా, ఆ దేశం ఇచ్చిన ఎం.బి.ఇ. గౌరవ పతకాన్ని తిప్పి పంపారు. రిటైరయ్యాక న్యూయార్క్ మ్యూజియంలో కాపలాదారుగా పనిచేశారు. కాలేయ క్యాన్సర్‌తో 1971లో, 42 ఏళ్లకే, స్వదేశంలో కన్నుమూశారు. క్రీడా పేజీల్లో ఆయన ఆటతీరుకూ, ఈ తెగువకూ చోటివ్వండి.

– ఒక బాక్సింగ్ అభిమాని, హైదరాబాద్