అమ్మలుకు, ముందు బండికీ నీకూ మధ్య ఉండవలసిన ఎడం గురించి

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. లైసెన్సు చేతికి వచ్చిందనీ, వచ్చే నెల నుంచి ఆఫీసుకు సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్తాననీ నువ్వు చెప్పిన రోజు నేను ఫోనులో ఎంతో సంతోషంగా మాట్లాడాను. ఆ సంతోషం నిజమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడమూ నిజమే. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే "తెలుసులే నాన్నా" అంటూ లేచిపోతావు కాబట్టి, తీరిక దొరికినప్పుడు మళ్ళీ తీసి చదువుకోవడానికి వీలుగా ఇదంతా కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా, ఇన్నేళ్ళుగా నీకు తప్పుగా చెబుతూ వచ్చిన ఒక సంగతిని సరిదిద్దుకోవాలి. నీ ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది కదా. నీకు ఐదేళ్ళప్పుడు, ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి బ్రేకు వేయడంవల్ల ఆ దెబ్బ తగిలిందని నేను అందరికీ చెప్పాను. నువ్వూ అలాగే చెప్పుకుంటూ పెరిగావు. ఆ లారీ డ్రైవరు తప్పేమీ లేదమ్మా. అతనికి ఎవరో అడ్డం వచ్చారు, అతను చేయవలసిన పనే చేశాడు. నేనే దానికి మరీ దగ్గరగా ఉన్నాను. చిరుజల్లు పడుతోంది, మునిమాపు వేళ, తొందరగా ఇల్లు చేరాలన్న ఆత్రంతో ఎప్పుడు దాటేద్దామా అని చూస్తూ దాని వెనకే అంటుకుని పోతున్నాను. ఎర్ర లైట్లు వెలగడం కంటికి తెలిసింది, కాని ఆ తెలిసిన విషయం కాలిదాకా రావడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది. బ్రేకు తొక్కాక కారు ఆగలేదు, జారింది. లారీ వెనక ఉన్న ఇనుప కమ్మీ మీది మట్టి చారలూ, నంబరు పలకను పట్టి ఉంచిన వంకర తీగా నా అద్దం నిండా కనిపించాయి. ఆగేసరికి మధ్యలో జానెడు చోటు మిగిలింది. వెనక సీటులో పడుకుని నిద్రపోతున్న నువ్వు జారి వచ్చి, ముందు సీటు కింది ఇనుప చట్రానికి నుదురు కొట్టుకున్నావు. నీకు బెల్టు పెట్టలేదు. పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ తరువాత నేను నడపడం మార్చుకున్నాను. మార్చుకున్నవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటే: ముందున్న బండికి తగినంత ఎడం వదలడం. నువ్వు ఇంకేది మరిచిపోయినా ఇది మరిచిపోవద్దని బతిమాలుతున్నాను.

ఎంత ఎడం అన్నది మీటర్లలో కొలవడం నడిపేవాడికి సాధ్యం కాదు, సెకన్లలో కొలవడం సాధ్యమవుతుంది. ముందు బండి ఒక స్తంభాన్నో, చెట్టునో, వంతెన నీడనో దాటిన క్షణాన మనసులో "వెయ్యిన్నొక్కటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అని నింపాదిగా లెక్కపెట్టు. నువ్వు అదే గుర్తును చేరేసరికి మూడో లెక్క పూర్తయి ఉండాలి. పూర్తికాకపోతే యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం వదిలితే చాలు, బ్రేకు అవసరం లేదు. వాన పడుతున్నప్పుడు దీన్ని రెట్టింపు చెయ్యి. పొగమంచు ఉంటే కనిపిస్తున్నంత దూరంలోపల ఆగగలిగే వేగానికి మించి పోవద్దు. నువ్వు వదిలిన ఖాళీలోకి ఎవరో ఒకరు దూరిపోతూనే ఉంటారు, దానికి మనసు కష్టపెట్టుకోకు. దూరనీ, నువ్వు మళ్ళీ వెనక్కి తగ్గి మరో మూడు సెకన్లు సంపాదించుకో. అలా దారి పొడుగునా పదిమంది దూరినా నువ్వు పోగొట్టుకునేది అర నిమిషం.

వేగం గురించి నేను ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాను, ఆ లెక్క చూసి నేనే ఉలిక్కిపడ్డాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఒక కారు, 60తో మరొకటి పక్కపక్కనే వెళ్తున్నాయనుకో. పొడి రోడ్డు, మంచి టైర్లు, ఇద్దరు డ్రైవర్లకూ ఒకే క్షణంలో ఒకే అడ్డంకి కనిపించింది, ఇద్దరికీ కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక్క సెకను పట్టింది. 50లో ఉన్న కారు సుమారు 28 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి రెండో కారు ఇంకా గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూనే ఉంటుంది. మొదలులో తేడా పదే, ఢీకొట్టేచోట తేడా నలభై. ఆ సెకనులో రెండో కారు మూడు మీటర్లు ఎక్కువ పోయింది, ఆపైన వేగం పెరిగితే దెబ్బలోని శక్తి వేగంతోపాటు కాక దాని వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుంది. ఇక ఆ పది ఎక్కువ నడిపినందుకు దక్కేది చూడు: పది కిలోమీటర్ల ప్రయాణంలో, దారిలో ఎక్కడా ఆగకపోతే, రెండు నిమిషాలు. సిగ్నళ్ళ దగ్గర అవి కూడా మిగలవు.

గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చిన రోజున నీ పాదం కింద పెడల్ గడగడలాడి వెనక్కి తంతున్నట్టు అనిపిస్తుంది. చాలామంది అప్పుడు భయపడి కాలు తీస్తారు. అది చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకును తనంతట తానే వదిలి పట్టే ఏబీఎస్ పనిచేస్తున్న గుర్తు. కాలు తీయకుండా అలాగే అదిమి పెట్టి, ఖాళీ ఉన్న వైపుకు స్టీరింగ్ తిప్పు. చక్రం తిరుగుతున్నంతసేపే స్టీరింగ్ మన మాట వింటుంది. ఏబీఎస్ చేసే మేలు ప్రధానంగా అదే. ఎవరూ లేని ఖాళీ స్థలంలో, తక్కువ వేగంలో, పక్కన అనుభవమున్నవారిని కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఆ గడగడ ఎలా ఉంటుందో కాలికి తెలియనివ్వు.

ఎండ కాసిన రోజుల తరువాత పడే మొదటి వానలో రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము నీటితో కలిసి పైకి తేలుతాయి, ఆ కాసేపే అన్నిటికన్నా జారుడు ఎక్కువ. నీళ్ళు నిలిచినచోట వేగంగా పోతే టైరు నీటిని పక్కకు తోయలేక దాని మీద తేలిపోతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కకు, స్టీరింగ్ తిప్పకు, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి చక్రాలు మళ్ళీ రోడ్డును పట్టేదాకా స్టీరింగ్‌ను తిన్నగా ఉంచు.

బెల్టు సంగతికి వస్తాను. నడుము మీదుగానూ ఛాతీ మీదుగానూ మూడు చోట్ల బిగిసే ఈ బెల్టును 1959లో నిల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజనీరు వోల్వో కంపెనీ కార్ల కోసం రూపొందించాడు. ఆ కంపెనీ దాని పేటెంటును తన దగ్గరే కట్టిపెట్టుకోకుండా మిగతా తయారీదారులందరినీ వాడుకోనిచ్చింది. అంతకు ముందు ఆయన విమానాల్లో పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేశాడు కాబట్టి, ఒక్కసారిగా ఆగే శరీరం మీద పడే బలం ఎంతటిదో ఆయనకు బాగా తెలుసు. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి, పై పట్టీ మెడకు కాకుండా భుజం మధ్యలో ఆనాలి. ఎయిర్‌బ్యాగ్ ఉందికదా అని బెల్టు మానేవాళ్ళను చూశాను. ఆ సంచీ రెప్పపాటుకన్నా ముందే పేలి తెరుచుకుంటుంది, బెల్టు లేక ముందుకు వస్తున్న ముఖానికి అదే దెబ్బ అవుతుంది. వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకునేదాకా బండి కదిలించకు. ఈ ఒక్క విషయంలో పెద్దలైనా సరే, మొహమాటపడకు. పెట్టుకోనివాళ్ళు తమకే కాదు, ముందు సీటులో ఉన్నవాళ్ళకు కూడా ప్రమాదం. ఇక పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పట్టుకోగలమన్నది వట్టి భ్రమ, ఆ కుదుపులో ఎంత ప్రేమ ఉన్న చేతులైనా ఆపలేవు. వాళ్ళ వయసుకూ ఎత్తుకూ తగిన సీటు వేరే ఉండాలి.

ఫోను గురించి చెప్పేముందు నేను ఒక మాట ఇస్తున్నాను. నువ్వు బయలుదేరానని చెప్పిన తరువాత, చేరానని చెప్పేదాకా నేను నీకు ఫోను చేయను, మీ అమ్మ చేత చేయించను. ఇంటివాళ్ళ ఫోనే కదా అని తీసినవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆ పాపంలో మాకు భాగం వద్దు. 60 వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. వచ్చిన సందేశం ఏమిటా అని ఐదు సెకన్లు తల దించితే 80 మీటర్లకు పైగా కళ్ళు మూసుకుని నడిపినట్టే. చేతులు ఖాళీగా ఉండేలా చెవిలో పెట్టుకుని మాట్లాడితే పరవాలేదనుకోవద్దు, ఎందుకంటే రోడ్డు మీద నుంచి తప్పిపోయేది చేయి కాదు, ధ్యాస. పక్కన కూర్చున్న మనిషి ఎదురుగా వచ్చే ఇబ్బంది చూసి తనంతట తాను మాట ఆపుతాడు. ఫోనులో ఉన్నవాడికి నీ రోడ్డు కనిపించదు.

తాగి నడపవద్దని నీకు రాయనక్కరలేదని తెలుసు. తాగినవారు నడిపే బండి ఎక్కవద్దని మాత్రం రాస్తున్నాను. నిద్రను కూడా మత్తుగానే లెక్కపెట్టు. 17 గంటలపాటు మెలకువగా ఉన్న మనిషి చేతులూ కళ్ళూ, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడివిలాగే మందగిస్తాయని పరిశోధకులు కొలిచి చూశారు. అద్దాలు దించడం, పాటలు పెంచడం వీటితో నిద్ర ఆగదు. గత రెండు మలుపులు ఎలా దాటావో గుర్తుకు రాకపోతే అప్పటికే నీకు ఓ కునుకు పట్టి ఉండవచ్చు. రోడ్డుకు దూరంగా, సురక్షితమైన చోట ఆపి పావుగంట పడుకో, నీ కోసం ఎదురుచూసేవాళ్ళు ఇంకాసేపు ఎదురుచూస్తారు.

కారులో కూర్చున్నాక మన చుట్టూ ఇనుము ఉంటుంది, బయటివాళ్ళ చుట్టూ ఏమీ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా రోడ్డు ప్రమాదాల్లో సుమారు 11,90,000 మంది చనిపోయారు. వాళ్ళలో సగానికి పైగా పాదచారులు, సైకిళ్ళవాళ్ళు, ద్విచక్ర త్రిచక్ర వాహనాల మీద వెళ్ళేవాళ్ళే. 5 నుంచి 29 ఏళ్ళ వయసువాళ్ళ మరణాలకు మొదటి కారణం రోడ్డే. నువ్వు ఆ వయసులోనే ఉన్నావు, నీ బండి ముందు నడిచేవాళ్ళలోనూ ఆ వయసువాళ్ళు ఉంటారు.

నీ సీటులో కూర్చుని ముందు అద్దానికి రెండు వైపులా ఉన్న నల్లటి కమ్మీని ఒకసారి గమనించు. కూడలిలో ఒక మోటారుసైకిలు, మనిషితో సహా, ఆ కమ్మీ చాటున పూర్తిగా దాక్కుంటుంది. నువ్వు కదులుతున్న కొద్దీ అదీ కదులుతూ ఉంటే, ఢీకొట్టేదాకా చాటునే ఉండిపోవచ్చు. అందుకని తిరిగే ముందు తల ఒక్కటే కాక నడుము నుంచి ముందుకు వంగి, కమ్మీకి అటూ ఇటూ చూడాలి. దిగేటప్పుడు తలుపును దగ్గరి చేత్తో కాకుండా అవతలి చేత్తో తెరువు. అలా తెరవాలంటే భుజం దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వెనక నుంచి వచ్చే సైకిలు కంట పడుతుంది. పెద్ద లారీ పక్కన వెళ్తున్నప్పుడు దాని అద్దంలో డ్రైవరు ముఖం నీకు కనిపించకపోతే అతనికి నువ్వు కనిపించడం లేదని అర్థం. అక్కడ ఆలస్యం చేయకుండా వెనక్కి తగ్గు. రాత్రి ఎదురుబండి కనిపించగానే లైట్లు డిమ్ చెయ్యి, అవతలివాడు చేయకపోయినా చెయ్యి. వాడి మీద కోపంతో నువ్వూ బ్రైట్ వేస్తే ఒకే రోడ్డు మీద ఇద్దరు గుడ్డివాళ్ళవుతారు. ఆ వెలుగులోకి చూడకుండా నీ వైపు రోడ్డు అంచు గీత మీద చూపు నిలిపి వేగం తగ్గించు.

ఇంకొకటి, నీ కారు ఇదివరకు ఒకరు వాడినది కాబట్టి అడుగుతున్నాను. టైరు పక్కన డాట్ (DOT) అనే ఆంగ్ల అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాడులు చాలా దేశాల్లో చట్టం చెప్పే 1.6 మిల్లీమీటర్లకన్నా లోతుగా ఉండాలి, వానల్లో నడిపే బండికి ఇంకా ఎక్కువే మంచిది. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్క చట్రం మీద అంటించి ఉంటుంది. బండి నడిపి టైరు వేడెక్కాక కాకుండా, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అదనపు టైరుతో కలిపి ఐదింటి మీదా ఉన్న ఆ నాలుగేసి అంకెలూ రాసి ఈ వారంలోనే నాకు పంపు. పాతబడ్డవి ఉంటే నువ్వు మొదటి రోజు ఆఫీసుకు బయలుదేరేలోపల మార్పిస్తాను.

ఇట్లు,
మీ నాన్న