బుజ్జమ్మకు, గోడ అక్షరాల గురించి

అల్లిపురం, విశాఖపట్నం

బుజ్జమ్మా,

నువ్వడిగిన అక్షరాలు రాసేశాను. మడత పడకుండా చుట్ట చుట్టి కొరియర్‌లో వేస్తున్నాను. కుంచె పట్టి చాన్నాళ్ళయింది కదా, మొదటిరోజు చెయ్యి వణికింది. మీ అమ్మ పక్కనే నిలబడి, "పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు ఈయన" అంది.

కంప్యూటర్లో వీటిని ఫాంటు చేస్తానన్నావు, చెయ్యి. ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఒత్తుకి చోటు వదులు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాయాలంటే ముందు నీలిమందు పట్టించిన దారం గోడకి లాగి కొట్టేవాళ్ళం. అక్షరాలకి రెండు గీతలు, ఒత్తుల కోసం కింద జానెడు వదిలి ఇంకో గీత. ఉక్కులోనూ హక్కులోనూ ఉన్నది ఒకటే "క్కు" కాబట్టి రెండూ కవలల్లా రావాలి. కొత్త కుర్రాళ్ళు "ధ్రు" దగ్గర దొరికిపోయేవారు. క్రావడి వెళ్ళి పక్కనున్న సున్నా కింద దూరేది.

ఆ నినాదం విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టాలన్న 1966 ఉద్యమంలోది. అప్పటికి నాకు నాలుగేళ్ళు. రాష్ట్రం మొత్తం మీద కాల్పుల్లో 32 మంది పోయారని తాతయ్య చెప్పేవారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, ప్లాంటుని జాతికి అంకితం చేసేసరికి 1992 అయింది. నేను ఆ నాలుగు మాటలూ ఎన్ని గోడలకు రాశానో లెక్క లేదు గానీ, వాటి పక్కన ఒక్క మొహం కూడా వెయ్యమని ఎవరూ అడగలేదు.

2021 జనవరిలో కేంద్రం వంద శాతం వాటా అమ్మాలని నిర్ణయించాక ఆ మాట మళ్ళీ ఊరంతా కనబడింది. ఓసారి కూర్మన్నపాలెం వైపు వెళ్తూ ఒక ఫ్లెక్సీ దగ్గర ఆగి లెక్కపెట్టాను. పదిహేడు మొహాలు! నినాదం అడుగున సన్నటి పట్టీలో ఉంది, అదీ ఒత్తులు తెగిపోయి. ఏ పార్టీదని అడగకు, పక్కవాళ్ళదీ అలాగే ఉంది. 2025 జనవరిలో ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారా, మళ్ళీ ఫ్లెక్సీలే. ఈసారి థాంక్స్ చెబుతూ.

నాన్నకి రాజకీయాలు పట్టవని దెప్పుతుంటావు గానీ, రాత్రంతా నిచ్చెనెక్కి వాళ్ళ గుర్తులు వేసినవాడికి పట్టకుండా ఎలా ఉంటాయే? 1983 ఎన్నికలప్పుడు ఒకే రాత్రి వీధికి ఇటు సైకిలు, అటు హస్తం వేశాను. సైకిలు చక్రంలో పుల్లలు కుదరాలి, హస్తంలో బొటనవేలు కుదరాలి. ఏది తేలికంటే ఇప్పటికీ చెప్పలేను.

పెద్ద మొహాలంటే అప్పట్లో సినిమావాళ్ళవే. జగదాంబ థియేటర్ దగ్గర కట్టే బ్యానర్ల కోసం గుడ్డ మీద గళ్ళు గీసి, ఫొటోలో ఒక్కో గడినీ చూసుకుంటూ పెద్దది చేసేవాళ్ళం. హీరో చెంపకి కాస్త గులాబీ, విలన్‌కి కాస్త ఆకుపచ్చ. రామారావు గారు పార్టీ పెట్టాక ఆ సినిమా మొహమే ఎన్నికల గోడ మీదికి వచ్చింది. ఈ మొహాల జబ్బు అక్కడే మొదలైందేమోనని నాకు అనుమానం. అయితే అప్పుడు మొహం పక్కన "కిలో బియ్యం రెండు రూపాయలు" అని కూడా రాసేవాళ్ళం. అది చేశారా లేదా అని రేపు నిలదీయొచ్చు. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీని ఏమని నిలదీస్తాం?

2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ మన ఊళ్ళోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామన్నారు. ఆ సాయంత్రమే అటక మీది కుంచెలు దించి కిరసనాయిల్లో నానబెట్టాను. మీ అమ్మకి ఇప్పటికీ అదో జోకు. నిన్న మన సందు మొదట్లో మళ్ళీ కొత్తది కట్టారు, కరెంటు స్తంభానికి.

ఏదో కాఫీ షాపు గోడకి "పాతకాలం లుక్" కావాలని అడిగారన్నావు. వెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. మొన్న రీరిలీజ్ సినిమాకి వచ్చిన కుర్రాడి టీషర్టు మీద కూడా మా బ్యానర్ల రంగులే ఉన్నాయి, గులాబీ చెంపతో సహా. చూసి మురిసిపోయాను, అబద్ధమెందుకు.

"ళ" రెండుసార్లు రాశాను. మొదటిదానికి రంగు కారింది, రెండోది తీసుకో. "ఱ" ఎవరూ వాడరన్నావు గానీ రాశాను, ఉండనీ.

మీ నాన్న