నవంబరు పదకొండుకు రెండో కథ కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

గత నవంబరులో మా అమ్మాయి బడి నుంచి వస్తూనే, పదకొండో తేదీన తరగతిలో అందరూ పెపెరో అనే కొరియా పుల్ల బిస్కట్ల పెట్టెలు ఇచ్చిపుచ్చుకుంటున్నారని, తనకు ఆరు పెట్టెలు కావాలని అడిగింది. హ్యుందాయ్ కర్మాగారం పుణ్యమా అని కొరియా కుటుంబాలు ఎన్నో ఉంటున్న చెన్నైలో ఆ పేరు వినబడడం వింతేమీ కాదు. అయితే ఆ పండుగను దాని పుట్టింట్లోనే చూసినదాన్ని కనుక రెండు మాటలు రాస్తున్నాను.

2011లో నేను దక్షిణ కొరియాలో ఒక మాధ్యమిక పాఠశాలలో ఇంగ్లీషు బోధించేదాన్ని. నవంబరు 11, శుక్రవారం ఉదయం నా బల్ల మీద చాక్లెట్ పూసిన సన్నని పుల్ల బిస్కట్ల పెట్టెలు పేర్చి ఉండడం చూసి, ఈ రోజు ఎవరి పుట్టినరోజని అడిగితే తరగతి తరగతంతా నవ్వింది. ఒక పిల్ల లేచి వచ్చి బోర్డు మీద నాలుగు నిలువు గీతలు గీసి, పెట్టెలోంచి నాలుగు పుల్లలు తీసి వాటి పక్కన పట్టుకుంది. పదకొండో నెల, పదకొండో తేదీ! ఆ ఏడు సంవత్సరం కూడా పదకొండే కావడంతో ఊళ్లో దుకాణాల ముందు గుట్టలుగా పోసి అమ్మారు. (2016లో అమలుకు వచ్చిన అవినీతి నిరోధక చట్టం తరువాత అక్కడి ఉపాధ్యాయులు విద్యార్థుల నుంచి అలా పెట్టెలు పుచ్చుకోవడం కుదరదు.)

లొట్టె సంస్థ 1983 నుంచి తయారు చేస్తున్న ఈ బిస్కట్లను, పుల్లల్లా సన్నగా పొడవుగా ఎదగాలని కోరుకుంటూ బూసాన్ ప్రాంతపు బడిపిల్లలు పంచుకోవడంతో ఈ వేడుక మొదలైందని చెబుతారు. సన్నబడాలని తీపి తినడంలోని తర్కం నాకు నేటికీ అంతుపట్టలేదు. సంస్థ మాత్రం ఆ అవకాశాన్ని వదులుకోలేదు.

మన పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి వేరే ఉంది. అక్కడ 1996 నుంచి అదే తేదీ రైతుల దినోత్సవం. చైనా లిపిలో పదిని, ఒకటిని సూచించే అక్షరాలను ఒకదాని కింద ఒకటి రాస్తే 'మట్టి' అనే అక్షరం అవుతుంది. రెండు పదకొండ్లు కలిస్తే మట్టి మీద మట్టి. బిస్కట్ల హోరులో ఆ రైతు మరుగున పడిపోతున్నాడని, 2006 నుంచి వ్యవసాయ శాఖ అదే రోజును 'గరెత్తొక్' దినంగా కూడా ప్రచారం చేస్తోంది. గరెత్తొక్ అంటే బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి పొడవైన కడ్డీలుగా తీసే తెల్లని వంటకం. అదీ ఒకటి అంకెలాగే ఉంటుంది. కాల్చి తేనెలో అద్దుకొని తింటే బిస్కట్లకేమీ తీసిపోదని నా అభిప్రాయం.

2004లో మన చెన్నైలోని పారీస్ మిఠాయిల సంస్థను కొన్నది కూడా ఈ లొట్టెయే కనుక, ఈ వేడుక ఇక్కడ ఏటేటా పెరిగేదే తప్ప తగ్గేది కాదు. దాన్ని మాన్పించమని నేను కోరడం లేదు; మా అమ్మాయికి పెట్టెలు నేనే కొనిచ్చాను. ఈ నవంబరులో మీ పిల్లల పేజీలో పెపెరో బొమ్మ వేసేటట్లయితే, పక్కనే గరెత్తొక్ బొమ్మ, మట్టి అక్షరం కూడా వేయవలసిందిగా మనవి.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయిని, చెన్నై