హాల్టులకూ ఓ చరిత్ర బోర్డు పెట్టండి

సంపాదకులకు,

సికింద్రాబాద్ - లింగంపల్లి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు ఆగే చిన్న చిన్న హాల్టులను 2003లో పుట్టినవేనని చాలామంది అనుకుంటారు. ఆ సర్వీసు వచ్చింది అప్పుడే, కానీ పట్టాలు 1874 నాటివి. అంతకు మూడేళ్ల ముందే బొంబాయి - మద్రాసు లైను ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ మీదుగా పూర్తయింది. దాన్ని అందుకోవడానికి నిజాం ప్రభుత్వం వాడి నుంచి సికింద్రాబాద్‌కు బ్రాడ్‌గేజ్ వేయించింది. 1889లో ఆ దారి బెజవాడ దాకా చేరింది. కంపెనీ చేతిలో ఉన్న రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వమే కొనేసింది. దక్షిణ మధ్య రైల్వే వచ్చింది 1966లో.

ఇంత కథ ఉన్నా ప్లాట్‌ఫారం మీద ఒక్క ముక్క రాసి ఉండదు. గోడల నిండా ట్యూషన్ పోస్టర్లు మాత్రం కావలసినన్ని!

హాల్టు అంటే స్టేషన్ మాస్టర్ ఉండరు, చాలా చోట్ల కమీషన్ ఏజెంటే టికెట్లు ఇస్తారు. సరే, మనుషుల్ని పెట్టమని అడగడం లేదు. కానీ చీకటి పడ్డాక అడగడానికి ఎవరూ లేని చోట ఆడపిల్లలకు టెన్షనే. అందుకే వెలిగే లైట్లు, రైలు ఆలస్యమైతే చెప్పే మైకు, పనిచేసే టికెట్ మెషీన్ తప్పనిసరి. వాటితోపాటే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో చరిత్ర బోర్డు కూడా పెడితే బాగుంటుంది. దానికయ్యే ఖర్చెంతని?

- ఒక ఎంఎంటీఎస్ ప్రయాణికుడు, హైదరాబాద్