తేమ సెన్సర్లు పాతి వెళ్లిపోతే సరిపోదు

అయ్యా,

డ్రిప్ ఉన్న ప్రతి తోటకూ నేల తేమ చెప్పే సెన్సర్లు అందాలని చీనీ (బత్తాయి) రైతుగా గట్టిగా కోరుకుంటున్నాను. మా అనంతపురం వైపు చాలా బోర్లకు ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు వస్తే మోటరు ఆడుతుంది, పోతే ఆగుతుంది. చెట్టుకు ఎన్ని నీళ్లు పారాలో నేలను చూసి కాదు, కరెంటును బట్టి తేలుతోంది. వాన పడిన మర్నాడూ అంతే. పాదుల్లో తడి ఆరక వేరుకుళ్లు, బంక తెగులు పట్టుకుంటాయి. డ్రిప్‌లో వదిలిన యూరియా వేర్లకు అందకుండా కిందికి దిగిపోతుంది. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలున్నా తేమ లేదు. రోజూ మారేదాన్ని కార్డు మీద రాసివ్వడం కుదరదు కూడా.

సెన్సర్ల ఆలోచన కొత్తదేం కాదు. మాకు ఆనుకుని ఉన్న కర్ణాటక పావగడ తాలూకాలో బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీ, స్విట్జర్లాండ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఈపీఎఫ్ఎల్ కలిసి సుమారు ఇరవై ఏళ్ల కిందటే వైర్‌లెస్ సెన్సర్లు పెట్టి చూశాయి. ఇబ్బందంతా పెట్టిన తర్వాతే. మా చుట్టుపక్కల తోటల్లో ఓ సంస్థ ప్రదర్శన కోసం సెన్సర్లు పాతింది. ఒకచోట కలుపు తీస్తుంటే వైరు తెగింది, ఇంకోచోట బ్యాటరీ అయిపోయింది. ఫోన్ చేస్తే వచ్చే నాథుడు లేడు.

పనిచేసే సెన్సర్‌నూ గుడ్డిగా నమ్మలేం. ఎండలకు నల్లరేగడి నెర్రెలిస్తే సెన్సర్ చుట్టూ మట్టి విడిపోయి గాలి చేరుతుంది. పక్కన తడి ఉన్నా పొడి అని చూపిస్తుంది. ఇసుక కలిసిన ఎర్రనేలలో 20 శాతం తేమ అంటే మంచి తడి. బరువైన రేగడిలో అదే 20కి మొక్క వాడిపోవచ్చు. రెంటికీ ఒకే లెక్క కట్టిన పరికరం ఇస్తే రైతు రెండుసార్లు చూసి పక్కన పడేస్తాడు. మట్టిని గుప్పిట్లోకి తీసుకుని ముద్ద అవుతుందా లేదా అని చూసుకోవడమే నయం అనుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు.

కాబట్టి రైతుకో డబ్బా ఇచ్చి చేతులు దులుపుకోకుండా ఊరికో నెట్‌వర్క్ పెట్టండి. తక్కువ బ్యాటరీతో చాలా దూరం కబురు పంపే లోరా రేడియోలు పనిచేసే 865-867 మెగాహెర్ట్జ్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. రైతు సేవా కేంద్రం మిద్దె మీద ఒక రిసీవర్ ఉంటే చుట్టుపక్కల తోటల కబురు దానికే చేరుతుంది, సెన్సర్‌కో సిమ్ కార్డు అవసరం పడదు. ఏ నేలకు ఏ లెక్కో విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చివ్వాలి. రైతుకు గ్రాఫులు వద్దు. కోయంబత్తూరులోని చెరకు పరిశోధన సంస్థ చేసిన పరికరంలో తేమ బాగుంటే నీలం లైటు, బాగా తగ్గితే ఎరుపు లైటు వెలుగుతాయి. అలా ఉంటే చదువు రానివాళ్లకూ తెలుస్తుంది.

టెండర్లలో మూడేళ్ల మరమ్మతు కలపాలి. ఎన్ని పాతారో లెక్కపెట్టి కాకుండా, ఎన్ని సరైన రీడింగ్ ఇస్తున్నాయో చూసి విడతలవారీగా బిల్లు ఇవ్వాలి. ఆ లెక్కను నెలనెలా రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయించాలని ఉద్యానశాఖను కోరుతున్నాను.

– ఓ చీనీ రైతు, అనంతపురం జిల్లా