పడవలో ఇసుక బస్తాలకూ లెక్క ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నాగార్జునసాగర్ వెనుక జలాల్లో, నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ ఒడ్డున కిందటి నెలలో ఒక ఆదివారం నేను చూసిన సంగతి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పట్నం నుంచి వచ్చిన నలుగురు యువకులు స్పీడు బోటుకు వెనుక తాడు కట్టి, ఒకరి తర్వాత ఒకరు ఆ తాడు పట్టుకుని పలక మీద నిలబడి నీళ్లపై జారుతూ, బోటు వెనుక లేచే అల మీదుగా ఎగిరి దూకుతున్నారు. వేక్‌బోర్డింగ్ అనే ఈ ఆటలో నాకు తప్పేమీ కనిపించలేదు సరికదా, చూడముచ్చటగా కూడా ఉంది. అయితే బోటు బయలుదేరే ముందు దాని వెనుక భాగంలో ఆరు ఇసుక బస్తాలు, సగం వరకు నీళ్లు పోసిన రెండు పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు ఎక్కించడం చూసి, ముప్పై ఏళ్లు లాంచీ ఇంజన్ల మధ్య బతికినవాణ్ని కనుక ఉండబట్టలేక, నడిపే మనిషిని ఇదేమిటని అడిగాను. ‘ఏం కాదు సార్, మనుషులం ఐదుగురమే ఉన్నం’ అన్నాడు. చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. ఇసుక బస్తా టికెట్టు కొనదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

బరువు ఎందుకు ఎక్కిస్తారో తెలియక నేను ఈ మాట అనడం లేదు. తేలే పడవ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుంది. స్పీడు బోటు వేగం అందుకుంటే నీటి మీదికి లేచి పైపైన జారిపోతుంది కనుక దాని వెనుక అల పలచబడుతుంది. బరువు పెంచి, వేగాన్ని గంటకు 30 నుంచి 38 కిలోమీటర్ల మధ్య ఉంచితే అడుగు భాగం లోతుగా దిగి, అది తవ్విన గుంటలోకి నీరు తిరిగి పడేటప్పుడు రెండు వైపులా అలలు ఎత్తుగా లేస్తాయి. బరువంతా వెనక్కి తోస్తే అల నిటారుగా లేస్తుంది, కానీ ముందు భాగం పైకెత్తుకుని నడిపేవాడికి ఎదురుగా ఏముందో కనిపించదు. కొంత ముందుకు జరిపితే అల వాలు సాగి, దూకడానికి హాయిగా ఉంటుంది. ఈ ఆట కోసమే తయారైన బోట్లలో వెయ్యి కిలోలకు పైగా నీరు పట్టే తొట్లు ముందే అమర్చి ఉంటాయి. వాటి అడుగు భాగాన్నీ ఇంజన్‌నూ ఆ బరువును ఉద్దేశించే తయారు చేస్తారు. మన దగ్గర తిరిగేవి పర్యాటకులను తిప్పడానికి కొన్న మామూలు బోట్లు.

ఆనాటి బోటు లెక్కే చూద్దాం. బస్తా యాభై కిలోలనుకుంటే ఆరింటికి 300 కిలోలు. రెండు వందల లీటర్ల డ్రమ్ములో సగం నీరంటే నూరు కిలోలు, రెండింటికీ కలిపి 200. మొత్తం 500 కిలోలు, అంటే ఏడుగురు మనుషుల పెట్టు. ఎనిమిది మందికి చేసిన బోటులో ఐదుగురమే ఉన్నామనుకుంటూ వాళ్లు పన్నెండు మంది బరువుతో తిరిగారు. పైగా నిండు కుండ తొణకదన్న మాట ఇంట్లో ఎంత నిజమో నీటి మీద అంతకు మించి నిజం. మలుపు తిరిగేటప్పుడు సగం డ్రమ్ములోని నీరు ఒరిగిన వైపుకే పరుగెత్తి బోటును ఇంకా ఒరగదీస్తుంది. వేగంగా పోతున్న బోటును ఒక్కసారిగా ఆపితే, అది తాను లేపిన అలనే వెనుక నుంచి లోపలికి తెచ్చుకుంటుంది. వెనుక భాగం అప్పటికే నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

బరువు పెట్టక తప్పదనుకునేవారు కనీసం నీటినే ఎంచుకోవాలి. మూతి బిగించే గట్టి సంచులు ఇందుకోసమే దొరుకుతాయి. చిన్న మోటారుతో నదిలో నీటినే నిండా తోడుకుని, ఆట ముగిశాక మళ్లీ నదిలోకే వదలవచ్చు. దీని మేలు ఇంకొకటి ఉంది. బోటులోకి నీరు చేరి మునిగే స్థితి వస్తే, సంచిలోని నీరు చుట్టూ ఉన్న నీటితో సమానమై బోటును కిందికి లాగదు. ఇసుక, సీసం, ఇనుము అలా కావు, అడుగుకు చేరేదాకా లాగుతూనే ఉంటాయి.

ఒడ్డున పుట్టిలో వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన బోటు దాటిన ప్రతిసారీ వల వదిలేసి రెండు చేతులా అంచులు పట్టుకోవడం కూడా నేను చూశాను. గుండ్రటి పుట్టికి పక్క నుంచి వచ్చే పెద్ద అల ఎంత ప్రమాదమో కృష్ణ ఒడ్డున పుట్టినవారికి తెలుసు. మరీ పెద్ద అల కోసం బోటును ఇంకా బరువెక్కించి నెమ్మదిగా నడిపే వేక్‌సర్ఫింగ్ అనే మరో ఆట ఉంది. అందులో లేచే అల, మామూలు బోటు లేపే అల స్థాయికి తగ్గాలంటే 500 అడుగులకు పైగా దూరం పోవాలని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో తేల్చారు. మనవాళ్లు ఆడుతున్న చోట ఒడ్డుకు అందులో సగం దూరం కూడా లేదు.

2017 నవంబరులో ఇదే కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పరిమితికి మించి జనాన్ని ఎక్కించిన పడవ తిరగబడ్డాక, లాంచీ ఎక్కే ప్రతి చోటా తలలు లెక్కపెట్టాలన్న మాట గట్టిగా వినిపించింది. తలల లెక్క చాలదు. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు బోట్లకు మనుషులు, సామాను, బయట తగిలించే ఇంజను ఉంటే అదీ కలిపి మొత్తం ఎన్ని పౌండ్లు మోయవచ్చో తెలిపే పలక తగిలించడం తప్పనిసరి. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల (ఇన్‌లాండ్ వెసెల్స్) చట్టం ప్రకారం బోట్లకు రిజిస్ట్రేషన్, తనిఖీ ఎలాగూ ఉన్నాయి. ఆ తనిఖీ పత్రంలో మనుషుల సంఖ్యతో పాటు మొత్తం బరువు కిలోల్లో రాసి, అదే అంకెను బోటు పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని, అంత బరువుకు నీరు ఎక్కడి దాకా రావచ్చో తెలిపే గీత కూడా గీయించాలని అధికారులను కోరుతున్నాను. గీత ఉంటే ఒడ్డున ఉన్న పుట్టి మనిషి కూడా చూసి చెప్పగలడు.

ఇట్లు,
ఒక విశ్రాంత లాంచీ మెకానిక్,
హిల్ కాలనీ, నాగార్జునసాగర్,
నల్లగొండ జిల్లా.